వెదురు తుపాకులూ, తిరిగొచ్చే దేవుళ్లూ



మీ పెరట్లో ఒక వెదురు పొద ఉందనుకోండి. కత్తి పట్టుకుని వెళ్లి ముదురు బొంగు ఒకటి నరికారు. కణుపులు చెక్కారు. ఒక కొసను తుపాకీ మడమలాగా మలిచారు. భుజానికి ఆనించి చూశారు. చూడ్డానికి తుపాకీయే. కానీ పేలదు. ఇవాళ పేలదు. రేపు పేలుతుందని ఒకాయన మీకు మాటిచ్చాడు. ఆ మాట మీరు నమ్మారు.

1900వ సంవత్సరం ఎండాకాలంలో మన తూర్పు కనుమల్లో వేలమంది అలా నమ్మారు. వెదురు నరికారు, చెక్కారు, భుజాన పెట్టుకుని వరసల్లో నిలబడి కవాతు చేశారు.

ఊరి పేరు కొర్రవానివలస. అప్పట్లో విశాఖపట్నం జిల్లా. అరకు కొండల నుంచి ఈశాన్యంగా పోతే సాలూరు, పాచిపెంట వస్తాయి కదా, ఆ వైపు. అక్కడ కొర్ర మల్లయ్య అని ఒక కొండదొర ఉండేవాడు. కొండదొర అంటే పెద్ద జమీందారు అనుకునేరు. అది తెగ పేరు. కొండల్లో పోడు కొట్టుకుని బతికే మనిషి.

తనకు దైవావేశం కలిగిందన్నాడు మల్లయ్య. జనం వచ్చారు. పదిమంది, వందమంది కాదు, నాలుగైదు వేలమంది వచ్చి చుట్టూ గుడారాలు వేసుకున్నారు. మొదట్లో ఎవరికీ ఏ హానీ లేదు. తర్వాత మల్లయ్య మాట పెద్దదయింది. తాను పంచపాండవుల్లో ఒకడినన్నాడు, మళ్లీ పుట్టి వచ్చానన్నాడు. తన చంటిబిడ్డ సాక్షాత్తూ కృష్ణుడన్నాడు. ఇంగ్లీషువాళ్లను వెళ్లగొట్టి ఈ దేశం తానే ఏలుతానన్నాడు. మరి ఆయుధాలో? ఈ వెదురు బొంగులే తుపాకులవుతాయి. సర్కారు చేతిలోని ఆయుధాలు నీళ్లయిపోతాయి.

ఆ మాట మళ్లీ చెబుతాను, గుర్తుపెట్టుకోండి. వెదురు తుపాకీ అవుతుంది. తుపాకీ నీరవుతుంది.

ఈ కథ నాకు ఎందుకు గుర్తొచ్చిందో చెప్పాలి. మా మేనల్లుడు విశాఖలో చదువుకుంటున్నాడు. శనివారం రాత్రయితే నలుగురు స్నేహితులతో బల్ల చుట్టూ కూర్చుంటాడు. మధ్యలో ఇరవై ముఖాల పాచిక. పేకాట కాదు, పందెం లేదు. ఒకడు కథ నడుపుతాడు. మిగతావాళ్లు ఆ కథలో తలా ఒక వేషం కడతారు. మన బుర్రకథలో కథకుడూ వంతలూ ఉన్నట్టే. అయితే ఇక్కడ వంతలు ఊరికే ‘తందాన’ అనరు. ‘నేను ఆ తలుపు తీయను, గోడ దూకుతాను’ అంటారు. కథ అటు తిరుగుతుంది. అమెరికాలో 1974లో వచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్‌తో మొదలైన ఆట ఇది. దీనికోసం పుస్తకాల్లో పెద్ద పెద్ద లోకాలే కట్టారు. ఆ లోకాలకు పటాలున్నాయి, రాజులున్నారు, దేవుళ్లున్నారు.

ఒకరోజు వాడు హడావుడిగా వచ్చి, ‘మామయ్యా, మా లోకంలో దేవుళ్లంతా భూమ్మీద పడిపోయారు!’ అన్నాడు.

‘ఎందుకు పడిపోయార్రా?’ అన్నాను.

‘రూల్స్ మారాయి కదా, అందుకు’ అన్నాడు.

నేను నవ్వాను. తర్వాత ఆలోచిస్తే ఆ జవాబు నన్ను వదల్లేదు.

వాడు చెప్పింది నిజమే. ఆ ఆటలో ఫర్గాటెన్ రెల్మ్స్ అని ఒక లోకం ఉంది. 1989లో ఆట నియమాల పుస్తకం కొత్త కూర్పు వచ్చింది. మంత్రాలు పనిచేసే తీరు మారింది. కొన్ని వేషాలు తీసేశారు. మరి అదే లోకంలో ఏళ్ల తరబడి ఆడుతున్నవాళ్లకు ఏం చెప్పాలి? నిన్నటిదాకా ఉన్న మంత్రం ఇవాళ ఎందుకు లేదు? దానికొక కథ అల్లారు. దేవుళ్లకే పైవాడొకడు ఉన్నాడు. విధిఫలకాలు దొంగతనమయ్యాయని అతనికి కోపమొచ్చింది. దేవుళ్లందర్నీ నేలమీదికి తోసేశాడు. దేవుళ్లు మనుషుల్లా తిరిగారు, కొట్టుకున్నారు, కొందరు చచ్చిపోయారు. మంత్రవిద్యకు అధిదేవత కూడా చచ్చిపోయింది, ఆమె స్థానంలోకి ఒక మామూలు మనిషి వెళ్లింది.

ఇంకో ముచ్చట వినండి. పాత పుస్తకంలో కిరాయి హంతకుడి వేషం ఒకటి ఉండేది. కొత్త పుస్తకంలో తీసేశారు. మరి ఆ లోకంలో అప్పటిదాకా ఉన్న హంతకులంతా ఏమైనట్టు? ఒక దుష్టదేవుడు యుద్ధంలో బలం కోసం వాళ్లందరి ప్రాణాలూ ఒక్క గుక్కలో పీల్చేశాడని రాశారు. పుస్తకంలో ఒక పేజీ చిరిగితే లోకంలో అంతమంది రాలిపోయారన్నమాట.

2008లో మళ్లీ కొత్త కూర్పు. మళ్లీ ప్రళయం. ఈసారి నీలిమంటలు, లోకం తలకిందులు, కథ ఏకంగా వందేళ్లు ముందుకు దూకింది. అభిమానులు గగ్గోలు పెట్టారు. 2014 నాటి కూర్పుకల్లా పోయిన దేవుళ్లలో చాలామంది బుద్ధిగా తిరిగొచ్చేశారు.

అంటే వరస ఏమిటి? ముందు నియమం మారింది. తర్వాత దేవుడు దిగొచ్చాడు. ఎక్కడో బల్ల దగ్గర కూర్చుని కొందరు నియమాలు మారుస్తారు. ఆ మార్పు కింద బతికేవాళ్లకు అది ప్రళయంలా కనిపిస్తుంది.

ఇప్పుడు మన కొండల్లోకి వద్దాం. ఇక్కడా నియమాలు మారాయి. ఎవరో ఎక్కడో బల్ల దగ్గర కూర్చునే మార్చారు.

1839లో ఒక చట్టం చేసి ఈ కొండల్ని మామూలు కోర్టుల నుంచి తప్పించి, కలెక్టరుకు ఏజెంటు అని పేరుపెట్టి ఆయన చేతిలో పెట్టారు. ఇవాళ్టికీ మనం ‘ఏజెన్సీ’ అంటున్నామే, ఆ మాట అక్కడిదే. తర్వాత కల్లు. కొండల్లో జీలుగ చెట్టు ఇంటి ఆవులాంటిది. వేసవిలో గింజలు అయిపోయినప్పుడు ఆ కల్లే కడుపు నింపుతుంది. రంప కొండల్లో ఆ కల్లును వేలం పాటకు పెట్టారు. సొంత చెట్టు గీసుకోవాలన్నా పాటదారుకు చెల్లించాలి. దాని పైన రంపను ఏలే మన్సబుదారుకు చిగురుపన్ను ఒకటి. 1879లో రంప భగ్గుమంది. 1882లో అడవుల చట్టం వచ్చింది. రాను రాను, తాతలనాటి నుంచి పోడు కొట్టిన కొండ రిజర్వు ఫారెస్టయింది. నిన్నటిదాకా సేద్యం అనిపించుకున్నది ఇవాళ నేరమైంది.

నిన్నటిదాకా ఉన్న మంత్రం ఇవాళ పనిచేయడం లేదు. మా మేనల్లుడి భాషలో చెప్పాలంటే, రూల్స్ మారాయి.

అప్పుడు దేవుళ్లు వచ్చారు. 1886లో గూడెం పోలీసు స్టేషను మీద పడినవాళ్లు తమను తాము రామదండు అని పిలుచుకున్నారు. పద్నాలుగేళ్ల తర్వాత మల్లయ్య తాను పాండవుడినన్నాడు.

ఇక్కడ కాస్త ఆగుదాం. రాముడే ఎందుకు? పాండవులే ఎందుకు? మల్లయ్య సంగతిని 1907 నాటి విశాఖపట్నం జిల్లా గెజిటీరు రాసింది. దాని దృష్టిలో అదంతా మూఢజనాన్ని మాయచేసిన వ్యవహారం. నేను ఒప్పుకోను. కొండదొరలు తమను పాండవరాజులమని చెప్పుకున్న సంగతి ఆ కాలపు రచనల్లోనే ఉంది. భారతకథ వాళ్లకు మైదానం నుంచి ఎరువు తెచ్చుకున్న కథ కాదు, వాళ్ల వంశకథ. ఆ కథలో పాండవులెవరు? రాజ్యం పోగొట్టుకున్నవాళ్లు. అడవిలో బతికినవాళ్లు. గడువు తీరాక అడవిలోంచి బయటికొచ్చి, మా రాజ్యం మాకివ్వండని అడిగినవాళ్లు. రాముడూ అడవికి వెళ్లినవాడే. ఆయన దండు కోట కట్టుకున్న రాజుల దండు కాదు, కొండల్లోనూ చెట్ల మీదా బతికే దండు. ఇన్ని వందలమంది దేవుళ్లలో సరిగ్గా అడవి నుంచి తిరిగొచ్చేవాళ్లనే ఎంచుకున్నారంటే, అది మతిలేని మాట ఎలా అవుతుంది? అంతకన్నా నిక్కచ్చిగా తమ ఫిర్యాదును చెప్పుకోవడం ఏ ప్లీడరుకూ చేతకాదు.

తర్వాత జరిగింది చెప్పాలి. చెప్పడం కష్టంగానే ఉంది.

పాచిపెంటను దోచుకుంటామని శిబిరం నుంచి కబురు వెళ్లింది. సంగతేమిటో చూడ్డానికి మే 1న ఇద్దరు కానిస్టేబుళ్లు వచ్చారు. జనం వాళ్ల మీద పడి కొట్టి చంపేశారు. ఆ ఇద్దరూ ఏ ఊరివాళ్లో, ఏ తల్లి బిడ్డలో. శవాలు తీసుకెళ్లడానికి కూడా పోలీసులకు సాధ్యం కాలేదు. అప్పుడు జిల్లా మేజిస్ట్రేటే స్వయంగా బయలుదేరాడు. విశాఖ నుంచి, పార్వతీపురం నుంచి, జయపురం నుంచి బలగాల్ని రప్పించాడు. మే 7, తెల్లవారుజామున శిబిరాన్ని చుట్టుముట్టారు.

వెదురు తుపాకీ కాలేదు. తుపాకీ నీరు కాలేదు.

పదకొండుమంది చచ్చిపోయారు. మల్లయ్య మీద కానిస్టేబుళ్ల హత్యకేసు పెట్టారు. ఆయన జైల్లోనే పోయాడు. మరో ఇద్దర్ని ఉరితీశారు.

శ్రోతలారా, అదే 1900లో, మన కొండలకు ఉత్తరాన ఛోటానాగ్‌పూర్‌లో, ముండాలు తమ దేవుడిగా కొలిచిన బిర్సా కూడా జైల్లోనే కన్నుమూశాడు. జూన్ నెలలో. అక్కడా భూమి నియమాలు మారాయి, తర్వాతే బిర్సా వచ్చాడు. సముద్రం అవతల, ఇవాళ టాంజానియా అంటున్న దేశంలో, కింజికిటిలే అనే ఆయనకు పూనకం వచ్చింది. మంత్రించిన నీళ్లిచ్చాడు, ఇవి ఒంటి మీదుంటే జర్మనీవాళ్ల గుళ్లు నీళ్లయిపోతాయన్నాడు. 1905లో మొదలైన ఆ పోరాటానికి పేరే మాజీ మాజీ. మన మాజీ మంత్రిలోని మాజీ కాదు సుమండీ. స్వాహిలీలో మాజీ అంటే నీళ్లు. అక్కడ ముందు వచ్చిన నియమమేమిటి? ఊరందరూ పత్తి పండించాలన్న బలవంతం. కొర్రవానివలస పేరు కింజికిటిలే విని ఉండడు. ఆ నీళ్ల సంగతి మల్లయ్యకు తెలిసే వీలే లేదు, అది కొన్నేళ్ల తర్వాతి మాట. అయినా ఇద్దరి నోటా ఒకే మాట వచ్చింది. తుపాకీ నీరవుతుంది.

ఇక ఆట పుస్తకాల మీద నా ఫిర్యాదు ఇక్కడే.

మా వాడి అలమారాలో డ్రాగన్‌లాన్స్ అని మరో లోకం ఉంది. మార్గరెట్ వైస్, ట్రేసీ హిక్‌మన్ రాసిన ఆ నవల 1984లో వచ్చింది. అందులో దేవుళ్లు మనుషుల గర్వానికి కోపగించి, మండే కొండ ఒకటి నగరం మీద విసిరి, కనబడకుండా పోతారు. మూడు వందల ఏళ్ల పైన గడుస్తాయి. చివరికి ఆ దేవుళ్ల జాడ ఎవరికి దొరుకుతుంది? ఒక తెగ నాయకుడి కూతురికి, గోల్డ్‌మూన్ అనే అమ్మాయికి. రాజుగారి ఆస్థానంలో ఎవరికీ కాదు, మైదానాల్లో బతికే తెగ అమ్మాయికి. ఈ సంగతి నాకు చాలా నచ్చింది. కానీ ఆమె చెయ్యి వేస్తే రోగి లేచి కూర్చుంటాడు. మంత్రం పనిచేస్తుంది. దేవుడు నిజంగానే తిరిగొచ్చాడు. పుస్తకమే హామీ ఇస్తుంది.

కొండ మీద ఆ హామీ ఎవరిస్తారు? మల్లయ్య చుట్టూ చేరినవాళ్ల చేతుల్లో ఉన్నది వెదురు బొంగు మాత్రమే. పేలుతుందో లేదో తెలియకుండానే దాన్ని భుజాన పెట్టుకున్నారు. ఆ కవాతు వరసలో అనుమానపడ్డ మనిషి కూడా ఒకడు ఉండే ఉంటాడు. పక్కవాడి ముఖం చూసి, అనుమానాన్ని మింగేసి, అడుగులో అడుగు వేసే ఉంటాడు. అలాంటివాడి వేషం ఆ లావుపాటి పుస్తకాల్లో నాకు కనబడలేదు.

ఇంకో తేడా ఉంది. 2008 ప్రళయం నచ్చని ఆటగాళ్లు ఏం చేశారు? ‘మా బల్ల దగ్గర అది జరగలేదు’ అనేశారు. పాత పుస్తకం పెట్టుకుని హాయిగా ఆడుకున్నారు. నచ్చని కూర్పును కొనకుండా ఉండే స్వేచ్ఛ వాళ్లకుంది. 1882 చట్టాన్ని మేం కొనలేదు అనే వీలు కొండవాడికి లేదు.

మల్లయ్య శిబిరం చెదిరిన ఇరవై రెండేళ్లకు మరొకాయన వచ్చాడు. ఆయన పేరు మీకు నేను చెప్పక్కర్లేదు. 1922 ఆగస్టులో మూడు రోజులు వరసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద పడ్డాడు. ఈసారి చేతికొచ్చినవి వెదురు బొంగులు కావు, స్టేషన్లలోని అసలు తుపాకులు. అయినా నమ్మకం పాతదే. అల్లూరి సీతారామరాజుకు గుండు తగలదనుకున్నారు కొండజనం. 1924లో తగిలింది. తారీకు ఏమిటో తెలుసా? మే 7. మల్లయ్య శిబిరం మీద పోలీసులు పడిన తారీకే. ఇది కాకతాళీయం, నేను ఇందులో ఏ రహస్యమూ వెతకను. ఆట పుస్తకం రాసేవాళ్లయితే ఇలాంటిది దొరికితే వదలరు.

ఆయన చనిపోలేదని, ఎక్కడో ఉన్నాడని, తిరిగొస్తాడని చాలా ఏళ్లు అనుకున్నారు. నిజంగా తిరిగొచ్చినవాడు వేరే ఉన్నాడు. ఆయన అనుచరుడు గాం మల్లుదొర. శిక్ష అనుభవించి వచ్చి, 1952లో తొలి ఎన్నికల్లో గెలిచి లోక్‌సభలో కూర్చున్నాడు. నియమాలు రాసే బల్ల దగ్గరికే ఒక కొండమనిషి చేరాడు. వెదురు తుపాకీ కావడమంటే ఇంతకన్నా ఏముంటుందని నాకు అనిపిస్తుంది. ఒక్క మనిషి ఒక కుర్చీలో కూర్చుంటే కొండలన్నీ బాగుపడిపోయాయని మాత్రం అనను.

ఇంత చెప్పి, కొండల్లో దేవుళ్లంటే ప్రళయంతోనే వస్తారనే అభిప్రాయం కలిగిస్తే తప్పవుతుంది. ఏటా వచ్చిపోయే దేవుళ్లున్నారు. చైత్రమాసంలో అరకు, పాడేరు వైపు వెళ్తే ఇటుకల పండుగ కనిపిస్తుంది. ఇంటింటి విత్తనాలూ తెచ్చి ఊరిదేవత ముందు పెడతారు. పూజయ్యాక వాటినే పంచుకుని చేలల్లో చల్లుకుంటారు. మగవాళ్లు వేటకు వెళ్తారు. ఉత్త చేతులతో వస్తే ఆడవాళ్లు పేడనీళ్లు కొడతారు. రోడ్డుకు అడ్డంగా కర్ర పెట్టి, కారు ఆపి, పండగ డబ్బులు వసూలు చేసేదీ ఆడవాళ్లే. ఎవరి కారైనా సరే! ఆ కొన్ని రోజులూ రోడ్డు మీద నియమం వాళ్లది. మే నెలలో పాడేరు మోదకొండమ్మ జాతర. అమ్మ గుడి దాటి జనం మధ్యకు వస్తుంది, మూడు రోజులు ఉంటుంది, వెళ్తుంది. వచ్చే ఏడు మళ్లీ వస్తుంది. ఆమె రావడానికి ఎవరూ చావక్కర్లేదు.

ఆటల కోసం లోకాలు కట్టే కుర్రాళ్లు మనలోనూ తయారవుతున్నారు. మా వాడు కూడా ఒక నోటుపుస్తకంలో ఏదో లోకం గీస్తున్నాడు. కొండలున్నాయి, రైలు సొరంగాలున్నాయి, బొర్రా గుహల్లాంటి గుహ ఒకటుంది. ‘దేవుడు ఎప్పుడు తిరిగొస్తాడ్రా ఇందులో?’ అని అడిగాను. ‘ఇంకా అనుకోలేదు మామయ్యా’ అన్నాడు. ‘ముందు అక్కడ ఏ నియమం మారిందో, ఎవరు మార్చారో రాసుకో. ఆయన ఎప్పుడొస్తాడో తర్వాత తెలుస్తుంది’ అన్నాను. వాడు రాసుకున్నాడు. వింటాడో లేదో చూడాలి.

చివరగా మీకో విన్నపం. మల్లయ్య కథంతా మనకు సర్కారు కాగితం నుంచి వచ్చిందే. ఆ చంటిబిడ్డ, అంటే ఆ కృష్ణుడు కూడా చనిపోయాడని, దాంతో గొడవ సద్దుమణిగిందని గెజిటీరు రాసి ముగించింది. ఆ బిడ్డ అసలు పేరు అందులో లేదు. సాలూరు, పాచిపెంట, అరకు కొండల్లో ఈ ప్రసంగం వింటున్నవాళ్లు, మీ ఇంట్లో పెద్దవాళ్లను ఒక్కసారి అడగండి. వెదురు తుపాకుల మాట, కొర్ర మల్లయ్య మాట, ఆ బిడ్డ పేరు ఎవరికైనా గుర్తుంటే, వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసి ఈ కేంద్రానికి ఒక ఉత్తరం వేయండి.